పాత ఇంజనా, కొత్త ఇంజనా: బండిలో ఎంత ఆయుష్షు మిగిలిందో ముందు చూడాలి

నరసన్నపేట దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా, శ్రీకాకుళం వెళ్లి చూపిద్దాంలే అనుకుని అలాగే నడిపేస్తారు. ఊరి పొలిమేరకు వచ్చేసరికి కారు ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ కాదు. లాక్కెళ్లి షెడ్డులో పెడితే మెకానిక్ ఓ గంట చూసి, ఇంజన్ పట్టేసింది అని చెబుతాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. గాజువాక ఆటోనగర్ నుంచి పాత ఇంజన్ తెచ్చి వేయించాలా, షోరూమ్‌లో కొత్తది ఆర్డర్ పెట్టాలా? చాలామంది ఈ రెండింటి ధరలు పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయం తీసేసుకుంటారు. తప్పు మొదలయ్యేది అక్కడే. ఇంజన్ ధర సగం లెక్క మాత్రమే. ఆ ఇంజన్ ఏ బండిలోకి వెళ్తోంది, ఆ బండి ఇంకా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది అన్నది మిగతా సగం.

దానికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: ఇంజన్ నిజంగానే పోయిందా? హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) కాలినా, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో సీలు పోయి ఆయిల్ కాలుతున్నా, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి కారుతున్నా బండి పొగ చిమ్ముతుంది, బలం తగ్గుతుంది. ఈ మూడింటిలో దేనికీ ఇంజన్ మార్చక్కర్లేదు. పొగ రంగు కొంత చెబుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, అందులో తియ్యటి వాసన ఉంటే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని అర్థం. అయితే పొగ చూసి తీర్పు చెప్పేయకూడదు. సిలిండర్ సిలిండర్‌కీ కంప్రెషన్ గేజి (లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూపేది) పెట్టించి, అంకెలు కాగితం మీద రాయించుకోవాలి. ఇది ఒక పూట పని. లక్షల్లో ఖర్చు పెట్టబోయే ముందు ఆ పూట ఆగలేకపోవడానికి కారణమేమీ లేదు.

ఇంజన్ పోయిందనే తేలింది అనుకుందాం. ఇప్పుడు బండి కిందికి దూరి చూడాలి.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ పని మిగతా చోట్ల కన్నా ముఖ్యం. బారువ, భావనపాడు, కళింగపట్నం నుంచి పూసపాటిరేగ, భోగాపురం వరకు తీరం పొడవునా ఉప్పుగాలి. ఆ ఊళ్లలో ఆరుబయట నిలబెట్టిన కారు పదేళ్లకు పైకి బాగానే కనిపిస్తుంది. కింద ఫ్లోరు రేకు, డోర్ల కింది అంచులు, సస్పెన్షన్ బిగించే చోట్లు మాత్రం పొరలు పొరలుగా లేచిపోయి ఉంటాయి. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి లారీలకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, రేకు బాడీయే బరువంతా మోస్తుంది. ఆ రేకు తిన్న బండికి కొత్త ఇంజన్ వేయించడమంటే చెదలు పట్టిన దూలాల మీద కొత్త పెంకు నేయించినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టినది మెత్తగా లోపలికి పోతుంది. బొబ్బిలి, రాజాం, పార్వతీపురం వైపు బండ్లకు ఈ తుప్పు బాధ తక్కువ. అక్కడ ఘాట్ రోడ్లు ఎక్కి దిగే బండ్లకు క్లచ్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ ముందు అరుగుతాయి. ఇంజన్ మార్చే నెలలోనే గేర్‌బాక్స్ కూడా అడిగితే లెక్క మొత్తం తారుమారైపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, ఏ మోడల్ ధరా కాదు. పాత ఇంజన్ తెచ్చి, కూలీతో సహా అన్నీ కలిపి 80,000 రూపాయలు అవుతుందనుకుందాం. కొత్తదానికి మొత్తం 2,00,000. పాతది మరో 70,000 కిలోమీటర్లు నడుస్తుందని, కొత్తది 2,00,000 కిలోమీటర్లు దాటుతుందని అనుకుందాం. కిలోమీటరుకు చూస్తే కొత్తదే చవక. అయితే ఆ కారు ఒక టీచర్ గారిది. నెలకు 800 కిలోమీటర్లు తిరుగుతుంది, ఇంకో నాలుగేళ్లు ఉంచుకుంటారు. అంటే మొత్తం 40,000 కిలోమీటర్ల లోపే. అప్పుడు పాత ఇంజన్‌తో కిలోమీటరుకు సుమారు రెండు రూపాయలు, కొత్తదానితో అయిదు రూపాయల పైనే పడుతుంది. కొత్త ఇంజన్‌లో మిగిలిపోయిన 1,60,000 కిలోమీటర్ల ఆయుష్షుకు డబ్బు కట్టేశారు, దాన్ని వాడుకునేది మాత్రం వాళ్లు కాదు.

అదే కారు విశాఖపట్నం విమానాశ్రయానికి రోజూ ట్రిప్పులు వేసే ట్యాక్సీ అయితే నెలకు 5,000 కిలోమీటర్లు తిరుగుతుంది. మూడేళ్లలో 1,80,000. అంత దూరానికి 70,000 కిలోమీటర్ల పాత ఇంజన్లు మూడు కావాలి. ఖర్చు 2,40,000. ప్రతిసారీ బండి పది రోజులు షెడ్డులో ఉంటే, ఆ పది రోజుల సంపాదన, వాయిదాల టెన్షన్ అదనం. ఇక్కడ కొత్త ఇంజనే చవక, అదీ నిస్సందేహంగా. బండి మీద బతికేవాళ్లే చేతిలో డబ్బు లేక పాత ఇంజన్ వైపు వెళ్తారు, నెలకోసారి గుడికో పెళ్లికో తీసే సొంత కారుకు కొంతమంది కొత్తది వేయిస్తారు. చాలాచోట్ల జరుగుతున్నది ఇలా తలకిందులుగానే.

ఇంకో కొలత కూడా పెట్టి చూడాలి. ఇంజన్ పోయిన బండిని ఉన్నదున్నట్టు అమ్మితే ఎంత వస్తుంది? అదే మోడల్, అదే ఏడాది బండి బాగా నడిచే స్థితిలో ఎంతకు దొరుకుతుంది? పోయిన బండికి 60,000 వస్తుందని, నడిచే బండి 2,50,000కు దొరుకుతుందని అనుకుంటే, 2,00,000 పెట్టి కొత్త ఇంజన్ వేయించిన బండి మీద మొత్తం 2,60,000 పెట్టినట్టు. బజారు ధర దాటిపోయారు. అమ్మేటప్పుడు కొత్త ఇంజన్ వేయించాం అని చెబితే కొనేవాడు పది, పదిహేను వేలు ఎక్కువ ఇస్తాడేమో గానీ రెండు లక్షలు కలపడు. అయితే దీనికి మరో వైపూ ఉంది. సొంత బండి గుట్టు సొంతదారుకు తెలుసు, కొనబోయే బండి గుట్టు తెలియదు. ఆ నమ్మకానికి కొంత విలువ కట్టుకోవడం న్యాయమే. బండి వయసు 15 ఏళ్లకు దగ్గరపడితే మాత్రం ఆ విలువ తగ్గించుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి, అప్పుడు ఇంజన్ ఒక్కటే చూడరు.

ఇక పాత ఇంజన్ కొనాలనుకుంటే, అది ఎక్కడి నుంచి వస్తోంది అన్నదే అసలు సంగతి. గాజువాక ఆటోనగర్‌లో దొరక్కపోతే విజయవాడ జవహర్ ఆటోనగర్, అక్కడా లేకపోతే చెన్నై పుదుపేట. ఈ ఇంజన్లు ఎక్కువగా యాక్సిడెంట్ అయిన బండ్లవి, తుక్కు చేసిన బండ్లవి. వెనక నుంచి లారీ గుద్దిన కారు ఇంజన్ దొరికితే అదృష్టమే, ఆ క్షణం వరకు అది బాగా నడుస్తున్న ఇంజన్. ముందు వైపు దెబ్బ తిన్నదైతే మౌంటింగులు, పుల్లీ, సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పగిలాయేమో చూడాలి. అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది నీట మునిగిన బండి ఇంజన్‌తో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది బండ్లు మునిగాయి. అంతకుముందు 2015 డిసెంబరులో చెన్నైలోనూ అదే జరిగింది. ఇక్కడ 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకు నీళ్లు బండిని ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. మునిగిన ఇంజన్‌ను కడిగి, రంగు వేస్తే కంటికి తేడా కనిపించదు. ఆల్టర్నేటర్ లోపల సన్నటి ఒండ్రు, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి జిగురు ఉంటే దాన్ని అక్కడే వదిలేసి రావాలి. ధర ఎంత తగ్గించినా సరే.

వీలైతే బండిలో ఉండగానే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి వినాలి. నేల మీద పడున్న ఇంజన్ అయితే క్రాంకు (ఇంజన్ ప్రధాన ఇరుసు) పుల్లీ బోల్టుకు రెంచి వేసి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టకుండా, ఒకే బరువుతో తిరగాలి. ప్లగ్గుల రంధ్రాల్లోంచి చిన్న కెమెరా దింపి చూపించే మెకానిక్‌లు ఇప్పుడు ఉన్నారు. సిలిండర్ గోడల మీద అడ్డదిడ్డంగా, తయారీలో పడిన హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తుంటే అరుగుదల తక్కువ. అద్దంలా నున్నగా ఉన్నా, నిలువు గీతలు పడినా వద్దు. కంప్రెషన్ విషయంలో పెట్రోలు ఇంజన్‌కు మామూలుగా 150 నుంచి 190 పీఎస్‌ఐ, డీజిల్‌కు 350 పైన రావాలి. అసలు అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. అన్ని సిలిండర్లూ ఒకేలా ఉండటం మరీ ముఖ్యం. మూడింటిలో 170 వచ్చి నాలుగోదాంట్లో 125 వస్తే, సగటు ఎంతైనా ఆ ఇంజన్ పనికిరాదు. సంపు విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకుంటే అంతకన్నా మంచి పరీక్ష లేదు. అడుగున మెరిసే లోహపు పొడి ఉంటే బేరింగులు అరుగుతున్నట్టే. లోపల ఏముందో తెలిసినవాడు విప్పడానికి ఒప్పుకోకపోతే, అది కూడా ఒక జవాబే.

"అదే ఇంజన్" అన్న మాటను కూడా నమ్మేయకూడదు. ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ మంచి ఉదాహరణ. 1,248 సీసీల ఆ ఇంజన్ మారుతి స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగాల్లో, టాటా విస్టాలో, ఫియట్ పుంటో, లీనియాల్లో వచ్చింది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ మానేసింది. రోడ్డు మీద ఆ కార్లు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి పాత ఇంజన్లకు గిరాకీ ఉంది. బ్లాకు ఒక కుటుంబానిదే అయినా 75 హార్స్‌పవర్ రకానికి, 90 హార్స్‌పవర్ రకానికి టర్బో వేరు, ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ప్రోగ్రాం వేరు. ఒక కంపెనీ బండికి ఉన్న బ్రాకెట్లు, సెన్సార్లు మరో కంపెనీ బండికి అలాగే కూర్చోవు. కామన్ రైల్ డీజిల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి డీజిల్ అందే రకంలో) ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక కోడ్ ఉంటుంది. చాలా మోడళ్లలో ఇంజెక్టర్ మారితే ఆ కోడ్‌ను స్కానర్‌తో ఈసీఎంలో రాయాలి. రాయకపోతే బండి స్టార్ట్ అవుతుంది గానీ వణుకుతుంది, పొగ కక్కుతుంది, తప్పంతా పాత ఇంజన్ మీద పడుతుంది. అందుకే కొనేముందు ఇంజన్ కోడ్, ఏ ఏడాది బండిది, ఏ రకానిది అన్నవి ఒకదానితో ఒకటి సరిచూడాలి. బీఎస్ ప్రమాణం (బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు) కూడా సరిపోవాలి. దేశమంతటా బీఎస్-4 అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. బీఎస్-6 బండిలో బీఎస్-4 ఇంజన్ పెడితే కాగితాల దగ్గరే ఆగిపోతుంది.

కాగితాల విషయాన్ని చాలామంది ఆఖరికి వదిలేస్తారు. నిజానికి దాన్ని మొదట చూడాలి. సి బుక్‌లో ఇంజన్ నంబర్ ఉంటుంది, ఇన్సూరెన్స్‌లోనూ ఉంటుంది. ఇంజన్ మారితే నంబర్ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కనీసం పది రవాణా వాహనాలు ఉన్నవాళ్లు అదే కంపెనీ, అదే రకం ఇంజన్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వీలు రాష్ట్ర ప్రభుత్వం కల్పించవచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది. వాళ్లు కూడా 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి సి బుక్‌లో రాయించుకోవాలి. సాలూరు లారీ యజమానుల్లాంటి వారికి పనికొచ్చే వెసులుబాటు అది. ఒక్క కారు ఉన్నవారికి అది వర్తించదు. వాళ్లు ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, అనుమతి తీసుకుని, అదే రకం ఇంజన్ వేయించి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి నంబర్ ఎక్కించుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కూడా తీసుకోవాలి.

పాత ఇంజన్‌కు ఇక్కడే పరీక్ష ఎదురవుతుంది. అది ఏ బండిదో చూపించే సి బుక్ నకలు, ఇంజన్ నంబర్ రాసిన బిల్లు లేకపోతే ఆ ఇంజన్ ఎంత బాగా నడిచినా కాగితం మీద ఎక్కదు. అది దొంగ బండి ఇంజన్ అయితే కేసు వచ్చి చుట్టుకునేది కొన్నవాడికే. నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నడిపే వాహన్ సమన్వయ్‌లో ఇంజన్ నంబర్ కొట్టి, అది దొంగతనం జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. నంబర్ గీకేసి ఉన్నా, మళ్లీ పంచ్ చేసినట్టు కనిపించినా బేరం ఆడకుండా వెనక్కి తిరగడమే మంచిది. బిల్లు లేకుండా అయితే ఇంత తగ్గిస్తాం అని చెప్పే దుకాణం దగ్గర తగ్గేది ధర ఒక్కటే కాదు. రేపు యాక్సిడెంట్ అయి క్లెయిమ్‌కు వెళ్తే, పాలసీలో ఒక నంబర్, బండిలో ఒక నంబర్ ఉంటే చిక్కు తప్పదు. కొత్త ఇంజన్‌కు కంపెనీ బిల్లు ఉంటుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తక్కువ. అయినా కొత్త బ్లాకు మీద నంబర్ వేసి వస్తుందా, లేకపోతే ఎవరు పంచ్ చేస్తారు అన్నది డబ్బు కట్టకముందే అడగాలి.

కొత్తది అన్నా అన్నీ కొత్తవి రావు. షార్ట్ బ్లాక్ అంటే బ్లాకు, క్రాంకు, పిస్టన్లు మాత్రమే. లాంగ్ బ్లాక్ అయితే హెడ్ కూడా వస్తుంది. టర్బో, ఇంజెక్టర్లు, డీజిల్ పంపు, ఆల్టర్నేటర్ చాలాసార్లు పోయిన ఇంజన్‌వే తీసి ఎక్కిస్తారు. పాత మోడళ్లకు కంపెనీలు మొత్తం ఇంజన్ ఇవ్వడం మానేస్తాయి కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత కొటేషన్ ఉంటే మళ్లీ రాయించుకోవాలి.

రెండింటికీ మధ్యలో మూడో దారి ఉంది. అదే ఓవర్‌హాలింగ్, దాన్ని తొందరలో మరచిపోతారు. సొంత ఇంజన్ బ్లాకు పగలకుండా, క్రాంకు బాగుంటే, లేత్ షాపులో బోరింగ్ చేయించి (సిలిండర్లను కాస్త వెడల్పు చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వేయించవచ్చు. ఇంజన్ నంబర్ మారదు, కాబట్టి ఆర్టీఓ ఆఫీసు పనే ఉండదు. పాత బండ్లకు చాలా సందర్భాల్లో ఇదే మంచి దారి అని గట్టిగా చెప్పవచ్చు. అయితే చేసే చెయ్యి బాగుండాలి. బోరింగ్‌లో కొలత కాస్త తప్పినా కొన్నాళ్లకే మళ్లీ ఆయిల్ తినడం మొదలవుతుంది. కొన్ని కొత్త తరం ఇంజన్లకు ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరకవు, వాటికి ఈ దారి మూసుకుపోయినట్టే.

దూరం కూడా లెక్కలోకి రావాలి. పలాస, ఇచ్ఛాపురం నుంచి గాజువాక చాలా దూరం. శ్రీకాకుళం నుంచే వంద కిలోమీటర్ల పైచిలుకు, విజయవాడ అయితే నాలుగొందలు దాటుతుంది. పాత ఇంజన్ అమ్మేవాళ్లు ఇచ్చే గ్యారంటీ ఎక్కువగా, పనిచేయకపోతే ఇంజన్ మార్చి ఇస్తాం అన్నంతవరకే. దించే కూలీ, ఎక్కించే కూలీ, మధ్యలో పోసిన ఆయిల్, కూలెంట్, రానూపోనూ వ్యాన్ కిరాయి కొన్నవాడివే. ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్ట్ లేదా చైన్ సెట్టు, వాటర్ పంపు, వెనక క్రాంకు సీలు, థర్మోస్టాట్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చేయాలి. తర్వాత మారుద్దాం అనుకుంటే ఒక్క సీలు కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. ఇవన్నీ కలిపితే కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అవుతుంది. అందుకే మొదటే మొత్తం కొటేషన్ అడగాలి, గ్యారంటీ ఎన్ని రోజులు, కూలీ ఎవరిది అన్నవి బిల్లు మీదే రాయించుకోవాలి.

కొత్తదైనా పాతదైనా, దాన్ని మళ్లీ చంపేది చాలాసార్లు బండిలో మిగిలిన పాత భాగాలే. వేడెక్కి పట్టేసిన ఇంజన్ స్థానంలో మంచిది పెట్టి, అదే పూడిపోయిన రేడియేటర్‌ను, అదే ఫ్యాన్‌ను వదిలేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. బోరు నీళ్లు పోసి నడిపిన రేడియేటర్ లోపల తెల్లటి గార కడుతుంది, దాన్ని శుభ్రం చేయించడం కన్నా మార్చడమే నయం. బేరింగు పోయి ఆగిన ఇంజన్ అయితే లోహపు పొడి ఆయిల్ కూలర్‌లో, టర్బోకు వెళ్లే పైపుల్లో ఇరుక్కుని ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే అది కొత్త బేరింగుల్లోకి చేరుతుంది. అందుకే మొదటి ఇంజన్ ఎందుకు పోయిందో చెప్పలేని మెకానిక్ చేత మరోటి వేయించకూడదు.

అన్నీ బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఓపిక కావాలి. కొత్త ఇంజన్‌కైనా, ఓవర్‌హాలింగ్ చేసినదానికైనా రింగులు కూర్చోవడానికి ఆ దూరం పడుతుంది. ఒకే స్పీడులో గంటల తరబడి హైవే మీద తోలకూడదు, నిండా మనుషుల్ని ఎక్కించకూడదు. ఎస్.కోట నుంచి అరకు ఘాట్ గానీ, సాలూరు నుంచి సుంకి ఘాట్ గానీ అప్పుడే ఎక్కించకూడదు. రోజూ ఉదయం చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఆయిల్ చూసుకోవాలి. వెయ్యి దాటగానే ఆయిల్, ఫిల్టర్ మార్పించి, తీసిన ఆయిల్‌ను తెల్లటి గిన్నెలో పోసి ఎండలో వేలితో కదిపి చూడాలి. కాస్త నల్లగా ఉంటే భయం లేదు. మెరుపు పొడి కనిపిస్తే మాత్రం గ్యారంటీ గడువు ముగియకముందే బండిని మళ్లీ షెడ్డుకు తీసుకెళ్లాలి.